పాత కాలేజీ వాళ్ళని కలిపి ఉంచాలంటే ఏది బెటర్: వాట్సాప్ గ్రూపా, పోర్టలా, రిజిస్టర్డ్ సంఘమా

మొన్న మా కాలేజీ జూనియర్ ఒకతను ఫోన్ చేసాడు, అన్నా మా బ్యాచ్ బయటికొచ్చి పదేళ్ళు అవుతోంది, అందరినీ మళ్ళీ ఒక చోటికి తెద్దామనుకుంటున్నాం, వాట్సాప్ బెటరా టెలిగ్రామ్ బెటరా, లేకపోతే ఏదైనా అలుమ్ని (పూర్వ విద్యార్థుల) యాప్ కొనమంటావా అని. అది రెండో ప్రశ్న తమ్ముడూ, ముందు మీ క్లాసులో ఎంతమంది, అందులో ఎంతమంది నంబర్లు నీ దగ్గరున్నాయి అన్నాను. ఓ ఇరవై మందివి ఉంటాయన్నా అన్నాడు. అతనికి ఫోన్లో చెప్పింది సగమే, మిగతాది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నా, ఇలాంటి పని నెత్తిన వేసుకున్న వాళ్ళకి పనికొస్తుందని.

నాది 2002-06 బ్యాచ్, జేఎన్‌టీయూ ఇంకా ముక్కలు కాని రోజులు (ముక్కలయ్యింది 2008లో), ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీ, పేరెందుకు లెండి. ఈ పని నా నెత్తిన పడి పదేళ్ళు దాటింది, ఎవరూ ఎన్నుకోలేదు, గ్రూప్ క్రియేట్ చేసిన పాపానికి అడ్మిన్ అయ్యాను అంతే. ఈ పదేళ్ళలో చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి.

మొట్టమొదటి తప్పు ఏంటంటే మాట్లాడుకునే చోటునే లిస్ట్ అనుకోవడం. మేము ఫైనలియర్‌లో ఉండగా యాహూ గ్రూప్ పెట్టుకున్నాం, టూర్ ఫోటోలు ఫేర్‌వెల్ ఫోటోలు అన్నీ అందులోనే పెట్టాం. తర్వాత ఆర్కుట్ కమ్యూనిటీ. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. యాహూ వాళ్ళు 2019 డిసెంబర్లో గ్రూపుల్లో దాచుకున్న ఫైళ్ళూ ఫోటోలూ తీసేసి, 2020 డిసెంబర్లో మొత్తానికే తాళం వేసారు. ముందే చెప్పారు, డౌన్‌లోడ్ చేసుకోమని మెయిల్ కూడా పంపారు, కానీ ఆ మెయిల్ వెళ్ళింది కాలేజీ రోజుల్లో పెట్టుకున్న యాహూ ఐడీలకి, వాటి పాస్‌వర్డ్ ఎవడికి గుర్తుంది. ఫోటోలు పోయాయని మాకు తెలిసింది లాక్‌డౌన్లో, ఒకమ్మాయి ఆ అరకు ఫోటో ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగినప్పుడు. ఎవరి దగ్గరా లేదు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది, ఏ యాప్ ఎంచుకున్నా సరే, లిస్ట్ మాత్రం మీ చేతిలో వేరే ఉండాలి. ఒక గూగుల్ షీట్ చాలు. యాప్‌లు వస్తాయి పోతాయి, షీట్ ఉంటే రెండు వారాల్లో ఇంకో చోట కాపురం పెట్టేయొచ్చు. గ్రూప్ ఉండి షీట్ లేకపోతే, మీ అడ్మిన్ ఫోన్ గోదాట్లో పడిన రోజున మీ పరిస్థితి ఏంటో ఆలోచించుకోండి.

షీట్‌లో ఏముండాలి

ఇక్కడ కొంచెం టైం తీసుకుంటాను ఎందుకంటే అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. పేర్లతో మొదలుపెట్టకండి, హాల్ టికెట్ నంబర్లతో మొదలుపెట్టండి. పేర్లతో మొదలుపెడితే గుర్తున్న వాళ్ళే వస్తారు, నంబర్లతో మొదలుపెడితే ఖాళీలు కనపడతాయి. మాది 02తో మొదలై, కాలేజీ కోడ్, తర్వాత 1ఏ, తర్వాత బ్రాంచి కోడ్ (సీఎస్‌ఈకి 05), చివర రెండంకెలు. 01 నుంచి వరసగా రాసుకుంటూ పోతే మధ్యలో ఎవరు మిస్సయ్యారో వెంటనే తెలిసిపోతుంది. కానీ ఇందులో ఒక గోతి ఉంది, మేము అందులో పడ్డాం. డిప్లొమా చేసి ఈసెట్ రాసి సెకండియర్‌లో మనతో కలిసిన వాళ్ళ నంబర్ 03తో మొదలవుతుంది, 1ఏ బదులు 5ఏ ఉంటుంది. ఆ ఆరుగురూ మా వరసలో లేనే లేరు. మూడేళ్ళు పక్క బెంచీలో కూర్చున్న వాళ్ళని గ్రూప్ పెట్టిన నాలుగేళ్ళ దాకా కలపలేదు. ఒకతన్ని కూకట్‌పల్లిలో బిగ్ బజార్‌లో చూసి, ఏరా గ్రూప్‌లో కనపడవేంటి అంటే, ఏ గ్రూప్ అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

తర్వాత అమ్మాయిల సంగతి. మా క్లాసులో 58 మంది, ఆ ఆరుగురితో కలిపే, అమ్మాయిలు 21. మొదటి గ్రూప్‌లో 34 మంది చేరితే అందులో అమ్మాయిలు ముగ్గురు. కారణం పెద్ద రహస్యమేం కాదు, గ్రూప్ మొదలైంది బాయ్స్ హాస్టల్ వాళ్ళ ఫోన్ బుక్కుల నుంచి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఫేస్‌బుక్‌లో వెతికినా దొరకరు. దొరికినా, తన నంబర్ నలభై మంది మగవాళ్ళకి కనిపించే చోట చేరడానికి ఆలోచిస్తారు, చేరాక అక్కడ వచ్చే జోకులు చూసి మెల్లగా మ్యూట్ చేసి ఒకరోజు బయటికి వెళ్ళిపోతారు. మేము చివరికి చేసిన మంచి పని, ఆ ముగ్గురిలో ఒకావిడని నువ్వే కోఆర్డినేటర్‌గా ఉండవా తల్లీ అని బతిమాలుకోవడం. ఆవిడ ముందు అమ్మాయిలకి వేరే చిన్న గ్రూప్ పెట్టి, రెండు నెలల్లో 17 మందిని పట్టుకొచ్చింది. అందులో 12 మంది పెద్ద గ్రూప్‌లోకి వచ్చారు, మిగతా వాళ్ళు అక్కడే ఉంటామన్నారు, ఉండనీండి. షీట్‌లో అప్పటి ఇంటిపేరు, ఇప్పటి ఇంటిపేరు రెండు కాలమ్స్ పెట్టుకోండి.

ఇంకా ఉండాల్సినవి: ఇప్పుడున్న ఊరు, ఫోన్, పర్సనల్ మెయిల్ (ఆఫీస్ మెయిల్ వద్దు, కంపెనీ మారగానే చచ్చిపోతుంది), తెలిస్తే అమ్మానాన్నల ఊరు, ఎవరో ఒక బంధువు నంబర్. ఆ చివరిది వింతగా అనిపిస్తుంది కానీ మేము ఐదుగుర్ని అలాగే పట్టుకున్నాం. మన దగ్గర వాడకుండా వదిలేసిన నంబర్‌ని 90 రోజులు ఆగి కంపెనీ వాళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తారు, అమెరికా వెళ్ళినోడి ఇండియా నంబర్‌కి ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తి విసుక్కోవడం మాకు మామూలే. కాలం చేసిన వాళ్ళ వరస మాత్రం డిలీట్ చేయకండి, అలా ఉంచండి. మాకు ఇద్దరున్నారు.

షీట్‌కి ఎడిట్ హక్కు కనీసం ఇద్దరికి ఉండాలి, లింక్ మాత్రం గ్రూప్‌లో అందరికీ పడేయకండి. నంబర్లున్న షీట్ ఒకసారి బయటికి పోతే రియల్ ఎస్టేట్ ఫోన్లు మొదలవుతాయి, మా వాడే ఒకడు ప్లాట్ల బిజినెస్‌లో దిగి మా లిస్ట్ మొత్తానికి బ్రోచర్లు కొట్టాడు. ఇంకోటి, గూగుల్ అకౌంట్ రెండేళ్ళు ముట్టుకోకపోతే గూగుల్ తీసేయొచ్చు, కాబట్టి అలుమ్ని కోసమని కొత్త జీమెయిల్ తెరిచి పాస్‌వర్డ్ డైరీలో రాసి మర్చిపోయే పని పెట్టుకోవద్దు, రోజూ వాడే అకౌంట్‌లోనే పెట్టుకోండి.

ఇక మాట్లాడుకునే చోటు

వాట్సాప్. ఎవరు ఎన్ని చెప్పినా మన జనానికి ఇదే, మా అమ్మ నుంచి మా హెచ్ఓడీ సార్ దాకా అందరి ఫోన్లో ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసుకోండి అని బతిమాలక్కర్లేదు. 2022కి ముందు గ్రూప్‌కి 256 మందే పట్టేవాళ్ళు, ఆ ఏడాదిలోనే ముందు 512, తర్వాత 1024 చేసారు. కానీ వెయ్యి మంది పడతారు కదాని వెయ్యి మందిని ఎక్కిస్తే అది సంతబజారే. నా లెక్కలో ఒక క్లాసు, అరవై డెబ్భై మంది దాటితే గ్రూప్‌లో మాట్లాడేది పది మంది, చూసేది ముప్ఫై మంది, మిగతా వాళ్ళు మ్యూట్.

దీని అసలు జబ్బు ఏంటంటే ముఖ్యమైన మాట మునిగిపోతుంది. మా వాడొకడి నాన్నగారు పోయారు, రాత్రి పదకొండున్నరకి గ్రూప్‌లో పెట్టాడు. అదే రోజు ఇంకొకడి పుట్టినరోజు, పైన కేకులు కింద కేకులు, మధ్యలో ఈ మెసేజ్. పొద్దున్నే లేచిన ఒకడు సగం నిద్రలో చూసి దాని కిందనే కంగ్రాట్స్ మామా అని పెట్టాడు. డిలీట్ చేసేలోపు అందరూ చూసారు, ఆ నాన్న పోయినవాడితో సహా. ఆ రోజే అనుకున్నాం, కబుర్ల గ్రూప్ వేరు, కబురు గ్రూప్ వేరు అని. రెండోదాంట్లో అడ్మిన్లు మాత్రమే పెట్టగలరు, పెళ్ళి, చావు, మీట్ డేట్, ఎవరికైనా రక్తం కావాలంటే, ఇంతే. నెలకి రెండో మూడో మెసేజ్‌లు వస్తాయి, అందుకే అందరూ చదువుతారు. రాజకీయాల సంగతి చెప్పక్కర్లేదు, 2019 ఎలక్షన్ల టైంలో ఆరుగురు గ్రూప్ వదిలి వెళ్ళిపోయారు, ముగ్గురే తిరిగొచ్చారు.

వాట్సాప్ కమ్యూనిటీ. ఇది 2022 చివర్లో వచ్చింది, ఒక గొడుగు కింద చాలా గ్రూపులు పెట్టుకోవచ్చు, పైన అనౌన్స్‌మెంట్ గ్రూప్ ఒకటి దానంతటదే ఉంటుంది. బ్రాంచికొకటి, ఊరికొకటి, అమ్మాయిలదొకటి, హాస్టల్ వాళ్ళదొకటి అలా. నాకు నచ్చిన విషయం, అనౌన్స్‌మెంట్ గ్రూప్‌లో మీ నంబర్ మిగతా మెంబర్లకి కనపడదు, అడ్మిన్లకీ, మీ నంబర్ ముందే సేవ్ చేసుకున్న వాళ్ళకీ తప్ప. ఇందాక చెప్పిన అమ్మాయిల ఇబ్బంది సగం ఇక్కడే తీరిపోతుంది. బ్యాచ్ మొత్తం, అంటే నాలుగైదు బ్రాంచీలు కలిపి మూడు నాలుగు వందల మంది అయితే నేను కళ్ళు మూసుకుని ఇదే చెప్తాను.

టెలిగ్రామ్. టెక్నికల్‌గా చూస్తే వాట్సాప్ కన్నా ఇదే మంచిది, నిజం ఒప్పుకోవాలి. గ్రూప్‌లో రెండు లక్షల మంది పడతారు, నంబర్ దాచుకోవచ్చు, ఈ రోజు చేరినవాడికి కూడా పాత మెసేజ్‌లు కనపడేలా పెట్టొచ్చు, రెండు జీబీ ఫైల్ కూడా వెళ్తుంది, కాబట్టి మీట్ వీడియోలు కుదించక్కర్లేదు. మరి ఎందుకు వద్దంటున్నానంటే, జనం రారు. మా బ్యాచ్‌లో పెట్టాం, 19 మంది చేరారు, ఆర్నెల్లకి నేనూ ఇంకో ఇద్దరమే మిగిలాం. 2015 తర్వాత పాసైన బ్యాచ్‌లకి, కోచింగ్ గ్రూపులూ నోటిఫికేషన్ ఛానెళ్ళూ అలవాటున్న వాళ్ళకి ఇది పనిచేయొచ్చు. ముందు ఐదారుగుర్ని అడిగి చూడండి.

ఫేస్‌బుక్ గ్రూప్ అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, 1980ల్లో 90ల్లో చదివిన వాళ్ళకి ఇప్పటికీ ఇదే ఇల్లు. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒకటి స్కాన్ చేసి పెడితే, వెనక వరసలో ఎడమ నుంచి మూడోవాడు ఫలానా అని కింద వంద కామెంట్లు, ఆ సంబరం వాట్సాప్‌లో రాదు, వచ్చినా మర్నాటికి పైకెళ్ళిపోతుంది. ప్రైవేట్ గ్రూప్‌గా పెట్టి, చేరేటప్పుడు బ్రాంచి, పాసైన ఏడాది, ఒక లెక్చరర్ నిక్‌నేమ్ అడగండి. నిక్‌నేమ్ చెప్పలేనివాడు మన కాలేజీ వాడు కాదు.

లింక్డ్ఇన్‌ని మాత్రం కబుర్లకి వాడకండి, అక్కడ గ్రూపులు శ్మశానాల్లా ఉంటాయి. కానీ మనుషుల్ని వెతకడానికి దాన్ని మించింది లేదు. కాలేజీ పేజీలో అలుమ్ని అనే ట్యాబ్ ఉంటుంది, అందులో ఏ ఊళ్ళో ఎంతమంది, ఏ కంపెనీలో ఎంతమంది, ఏ ఏడాదులు అని వడకట్టుకోవచ్చు. మేము షీట్‌లో ఖాళీగా ఉన్న 14 మందిలో 8 మందిని అక్కడే దొరకబుచ్చుకున్నాం. ఒకే చిక్కు, కాలేజీ పేరు ఒక్కొక్కడు ఒక్కో రకంగా రాస్తాడు, కొందరు కాలేజీ పేరు మానేసి జేఎన్‌టీయూ అని మాత్రమే రాస్తారు, అవన్నీ వెతకాలి.

ఈమెయిల్ గురించి రెండు ముక్కలు. మన ఊళ్ళో ఉన్న వాళ్ళు పర్సనల్ మెయిల్ చూడరు, ఓటీపీలకీ కరెంట్ బిల్లుకీ తప్ప. కానీ డల్లాస్‌లో, న్యూజెర్సీలో, మెల్‌బోర్న్‌లో ఉన్న వాళ్ళు చూస్తారు, పైగా టైం తేడా వల్ల వాట్సాప్‌లో మన రాత్రి గోల అమెరికా వాళ్ళకి ఆఫీస్ మధ్యలో వస్తుంది. ఏడాదికి రెండు మెయిళ్ళు పంపితే చాలు. ఫ్రీ జీమెయిల్ నుంచి రోజుకి 500 మందికి మించి వెళ్ళవు, అంతకంటే ఎక్కువుంటే గూగుల్ గ్రూప్స్ పెట్టుకోండి, అదీ ఫ్రీయే.

కాలేజీ పోర్టల్ సంగతి

వావే, అల్మాషైన్స్, అల్మాకనెక్ట్, అల్మాబేస్ లాంటి కంపెనీలు కాలేజీ పేరుతో అలుమ్ని పోర్టల్ తయారుచేసి ఇస్తాయి. డైరెక్టరీ, జాబ్ పోస్టులు, ఈవెంట్‌కి టికెట్లు, డొనేషన్ పేమెంట్, మెంటారింగ్ అన్నీ ఒకే చోట. వేల మంది పాత విద్యార్థులుండి, కాలేజీలో దీని కోసమే జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుంటే ఇది మంచి వస్తువే. ఆ మనిషి లేకపోతే కొత్త ఇల్లు కట్టి తాళం వేసినట్టే.

చాలా కాలేజీలకి ఈ పోర్టల్ ఎందుకు గుర్తొస్తుందో కూడా చెప్పుకోవాలి. న్యాక్ (కాలేజీలకి గ్రేడ్లిచ్చే సంస్థ) వాళ్ళు మార్కులేసే వాటిలో ఐదో క్రైటీరియన్ కింద అలుమ్ని ఎంగేజ్‌మెంట్ అని ఒకటుంది, రిజిస్టర్ అయిన సంఘం ఉందా, కాలేజీకి ఏం చేసింది అని చూస్తారు. దాంతో పీర్ టీమ్ (వాళ్ళ తనిఖీ బృందం) వచ్చే మూడు నెలల ముందు ఫోన్లు మొదలు, బాబూ ఎలా ఉన్నావ్, ఫలానా తారీఖున ఇంటరాక్షన్ ఉంది, టై కట్టుకుని వస్తావా అని. మేమూ వెళ్ళాం, భోజనం బావుంది, ఫోటో దిగాం, లాగిన్ ఐడీలిచ్చారు. టీమ్ వెళ్ళిన తర్వాత ఆ సైట్ ఏడాదిన్నర నడిచి రెన్యువల్ కట్టక ఆగిపోయింది, మేము కష్టపడి నింపిన ప్రొఫైల్స్ దాంతోపాటే పోయాయి. అందుకని పోర్టల్ పెడుతున్నాం అని కాలేజీ వాళ్ళు అంటే మొహమాటం లేకుండా అడగండి, డేటా మొత్తం ఎక్సెల్‌లో దించుకునే ఆప్షన్ ఉందా, మూడో ఏడాది డబ్బు ఎవరు కడతారు, కాలేజీలో ఎవరి పని ఇది. మూడింటికీ సూటిగా జవాబొస్తే చేరండి, చేరాక కూడా మీ షీట్ మీ దగ్గరుంచుకోండి.

సంఘం రిజిస్టర్ చేయాలా

ఏడాదికి ఒకసారి కలిసి భోంచేయడానికైతే అక్కర్లేదు, అస్సలు అక్కర్లేదు. స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలి, ల్యాబ్‌కి ఏదైనా కొనివ్వాలి, ఏటా లక్షల్లో డబ్బు వస్తూ పోతూ ఉంటుంది అంటే అప్పుడు కావాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు ఉంటే సొసైటీ పెట్టొచ్చు, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ అదే చట్టం. బైలాస్ రాసుకోవాలి, ఏటా జనరల్ బాడీ మీటింగ్, లెక్కలు, ఆడిట్, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. మొదటి ఏడాది ఉత్సాహంగానే ఉంటుంది, మూడో ఏడాది ఫైలింగ్ ఎవరు చేస్తారన్నదే అసలు పరీక్ష. మీ బ్యాచ్‌లో సీఏ చదివిన తమ్ముడో మరదలో ఉన్నవాడిని ట్రెజరర్ చేయండి, సరదాకి అనట్లేదు.

80జీ తెచ్చుకుంటే డబ్బులిచ్చిన వాళ్ళకి పన్ను తగ్గుతుంది అని అందరూ అంటారు. నిజమే, కానీ కొత్త పన్ను విధానంలో ఉన్న వాళ్ళకి ఆ లాభం రాదు, మన ఉద్యోగస్తుల్లో చాలామంది ఇప్పుడు అటే వెళ్ళిపోయారు. 2000 దాటి క్యాష్‌గా ఇచ్చినా రాదు. కాబట్టి 80జీ ఒక్కదాని కోసం సొసైటీ పెట్టకండి.

విదేశాల డబ్బు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త, మన తెలుగు బ్యాచ్‌లలో సగం అక్కడే ఉంటారు కదా. హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉండి ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనవాడే, అదే బెంచీ వాడే, అమెరికా సిటిజన్ అయిపోయి ఓసీఐ కార్డు మీద ఉన్నాడంటే వాడిచ్చే వంద డాలర్లు కూడా విదేశీ విరాళమే, తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్‌కి సంఘానికి మూడేళ్ళ వయసుండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి, డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. నిన్న మొన్న పెట్టిన సంఘానికి అయ్యే పని కాదు. మా గ్రూప్‌లో ఇది చెప్తే, ఏంట్రా నేను పరాయివాణ్ణయిపోయానా అని ఒకడు నిజంగానే అలిగాడు.

పెద్ద కాలేజీల వాళ్ళు ఎలా చేస్తున్నారంటే, అమెరికాలోనే అక్కడి చట్టం కింద వేరే సంఘం పెట్టుకుంటారు. గుంటూరు మెడికల్ కాలేజీ వాళ్ళ ఉత్తర అమెరికా సంఘాన్ని జింకానా అంటారు, గుంటూరు పెద్దాస్పత్రిలో తల్లీబిడ్డల బ్లాక్‌కి ముందుకొచ్చింది వాళ్ళే. వైజాగ్ ఆంధ్రా మెడికల్ కాలేజీ వాళ్ళకీ అలాగే అక్కడ సంఘం ఉంది. ఆంధ్రా యూనివర్సిటీది ఇంకో లెవెల్, పారిశ్రామికవేత్త జీఎం రావు లాంటి పాత విద్యార్థులు ముందుండి నడిపించారు, 2018 డిసెంబర్ మీట్‌కి రతన్ టాటా వచ్చారు. అది 1926లో పెట్టిన యూనివర్సిటీ, వందేళ్ళ జనం. 58 మంది క్లాసు వాళ్ళం అవి చూసి లెటర్‌హెడ్ కొట్టించుకుంటే నవ్వులపాలవుతాం.

మరి మేమేం చేసామంటే, ఏటా ఇద్దరు పిల్లల ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకి కడుతున్నాం, కట్టేది ఇండియాలో ఉన్న వాళ్ళమే, రసీదు పిల్లాడి పేరు కనపడకుండా కబురు గ్రూప్‌లో పెడతాం. సంఘం లేదు, ఆడిట్ లేదు, గొడవ లేదు. ఒక ఏడాది మాత్రం ఒకడి పర్సనల్ ఫోన్‌పేకి అందరం వేసాం, వాడి సొంత డబ్బూ ఇదీ కలిసిపోయి, చివరికి 11 వేలు లెక్క తేలక వాడే జేబులోంచి వేసుకున్నాడు. దొంగ కాదు పాపం, లెక్క రాదు. డబ్బు కోసం వేరే సేవింగ్స్ ఖాతా, ఇద్దరి పేరు మీద, అంతే.

కలవడం

పేపర్లో చూస్తుంటాం కదా, పూర్వ విద్యార్థుల అపూర్వ సమ్మేళనం అని, కింద శాలువాల ఫోటో. ఎన్ని యాప్‌లు పెట్టినా ఒకసారి కలిస్తే వచ్చే ఊపు రెండేళ్ళు గ్రూప్‌ని నడిపిస్తుంది, ఇది నేను కళ్ళారా చూసాను. మా పదిహేనేళ్ళ మీట్ 2021లో కోవిడ్ వల్ల ఆగిపోయి 2022 డిసెంబర్ చివరి వారంలో అయింది. డిసెంబర్ ఎందుకంటే అమెరికా వాళ్ళకి అప్పుడే సెలవులు, పైగా ధనుర్మాసం కాబట్టి పెళ్ళి ముహూర్తాలుండవు, ఫంక్షన్ హాళ్ళు ఖాళీ, బేరం కుదురుతుంది. సంక్రాంతికి పెడదామంటారు కొందరు, వద్దు, అల్లుళ్ళు అత్తారింటి నుంచి కదలరు.

కాలేజీలోనా రిసార్ట్‌లోనా అంటే, పొద్దున్న కాలేజీ, మధ్యాహ్నం నుంచి బయట. రిసార్ట్‌లో మాత్రమే పెడితే దానికీ ఆఫీస్ పార్టీకీ తేడా ఉండదు. మా క్లాస్‌రూమ్‌లో కూర్చున్నాం, బెంచీలు మారాయి, ఫ్యాన్లు అవే. ల్యాబ్ అటెండర్‌గా చేసి రిటైరైన పెద్దాయనని పిలిచాం, పాత టీవీఎస్ మీద వచ్చాడు. అటెండెన్స్ తియ్యండి సార్ అంటే కాగితం లేకుండానే చివరి రెండంకెలు మొదలుపెట్టాడు, 07 ఏడి, 12 లేటా, 23 ఇవాళైనా రికార్డు తెచ్చావా. 41 దగ్గర ఆగి, వాడు పోయాడంట కదా అని, 42 అన్నాడు. తర్వాత ప్రిన్సిపాల్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు, అది ఎవరికీ గుర్తులేదు.

డబ్బు విషయంలో మేము మనిషికి 3500 పెట్టాం. ఒకతను పని ఉంది రాలేను అన్నాడు, తర్వాత ఏడాదికి తెలిసింది అప్పుడు వాడికి ఉద్యోగం లేదని. ఇప్పుడు ఏ మీట్ పెట్టినా, ఎవరు ఎంత వేసారో ట్రెజరర్ ఒక్కడికే తెలుస్తుంది, గ్రూప్‌లో పేర్ల లిస్ట్ పెట్టం, ఎక్కువ వేయగలిగిన వాళ్ళు చెప్పకుండానే వేస్తున్నారు. చిన్న మీట్లకైతే హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్న ఎనిమిదికి టిఫిన్, పదికల్లా ఇంటికి. రాత్రి డిన్నర్ అంటే ఆడవాళ్ళు రాలేరు, తాగేవాళ్ళు ఆగలేరు, టిఫిన్‌కి ఆ రెండు బాధలూ లేవు.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి

ఒక క్లాసు వరకే అయితే షీట్, కబుర్ల గ్రూప్, కబురు గ్రూప్, ఇద్దరు కోఆర్డినేటర్లు, ఒకరు కచ్చితంగా అమ్మాయి. ఖర్చు సున్నా. బ్యాచ్ మొత్తం అయితే వాట్సాప్ కమ్యూనిటీ, బ్రాంచికి ఇద్దరు చొప్పున బాధ్యులు, ఏడాదికి రెండు మెయిళ్ళు. కాలేజీ మొత్తం, ఇరవై ముప్ఫై బ్యాచ్‌లు అంటే పోర్టల్ గురించి ఆలోచించే ముందు బ్యాచ్‌కొక మనిషి దొరికాడా చూసుకోండి, ఆ ఇరవై మంది ఉన్న గ్రూప్ ఒకటి ఉంటే సగం పని అయినట్టే, వాళ్ళు లేకుండా ఎంత డబ్బు పోసి సైట్ కట్టినా ఎవరూ లాగిన్ అవరు. యాభై దాటిన బ్యాచ్‌లైతే వాట్సాప్ పక్కన ఫేస్‌బుక్ కూడా ఉంచండి, ఫోటోల కోసం. డబ్బు ఏటా లక్షల్లో తిరుగుతుందనుకుంటే సంఘం, లేకపోతే నేరుగా ఫీజు.

ఆ జూనియర్‌కి ఇందులో కొంత చెప్పి, ముందు హాల్ టికెట్ నంబర్ల వరస రాయి, యాప్ సంగతి తర్వాత అన్నాను. రెండు వారాలకి షీట్ పంపాడు, 63 వరసల్లో 41 నింపాడు, నీట్‌గా ఉంది, ఇంటిపేర్లు రెండు కాలమ్స్ కూడా పెట్టాడు. పైనుంచి కిందిదాకా చూసి, బానే ఉంది తమ్ముడూ, 5ఏ వాళ్ళేరి అని మెసేజ్ పెట్టాను. చాలాసేపు టైపింగ్ అని వచ్చింది. అయ్యో అన్నా అన్నాడు.